కెర్నెల్ కంపైల్ చేశాక లాప్‌టాప్ లేవట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ ఒక్క మెసేజ్ వల్ల చేస్తున్నా. జనగామ జిల్లా కొడకండ్ల నుంచి ఒక తమ్ముడు రాత్రిపూట ఫోటో పంపాడు. నల్ల స్క్రీన్, దాని మీద తెల్ల అక్షరాలు. చివర్లో ఒక లైన్: "కెర్నెల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)". ఫోటో కింద ఒకటే ప్రశ్న, "అన్నా, ఫార్మాట్ కొట్టెయ్యాలా?"

కొట్టొద్దు తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పి, మిగతా సంగతి తర్వాత అడిగాను.

సంగతి ఏంటంటే, అది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. నాలుగు జీబీ ర్యామ్. అమ్మానాన్న భివండిలో మరమగ్గాల పనికి పోయి పంపిన డబ్బులతో కొన్నారు. కొడకండ్ల దిక్కు చేనేత కుటుంబాలు చాలానే ఇట్ల సూరత్, భివండి, సోలాపూర్ పోయాయి, మీకు తెలిసిందే. ఆ లాప్‌టాప్‌లో వాళ్ళ అక్క డిగ్రీ ప్రాజెక్టు ఉంది, ఇంటి ఫోటోలన్నీ ఉన్నాయి. బ్యాకప్ లేదు. ఉబుంటు 22.04 వేసుకున్నాడు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశాడు. తర్వాత ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాడు, అది పనిచేయలేదు. ఆ చిప్ డ్రైవర్ కెర్నెల్ 6.2 నుంచే ఉందని చదివి, కొత్త కెర్నెల్ సోర్స్ దించుకుని కంపైల్ చేశాడు. రీస్టార్ట్ కొడితే ఈ స్క్రీన్. రిపేరు షాపుకి తీసుకుపోతే "హార్డ్ డిస్క్ పోయింది, మార్చాలి" అన్నారట.

హార్డ్ డిస్క్ పోలేదు. ఆ లైన్‌లో అట్లాంటిదేం లేదు. అసలు ఏం రాసి ఉందో చూద్దాం, ఎందుకంటే ఈ ఒక్క లైన్ చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

పవర్ బటన్ నొక్కాక ఏం జరుగుతుంది? మదర్‌బోర్డులో ఉన్న యూఈఎఫ్ఐ లేచి గ్రబ్‌ని పిలుస్తుంది. గ్రబ్ రెండు ఫైళ్లను మెమరీలోకి ఎక్కిస్తుంది. ఒకటి కెర్నెల్, అంటే వీఎమ్‌లైనజ్. రెండోది ఇనిట్‌ఆర్‌డీ, దీన్నే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని కూడా అంటారు. కెర్నెల్ లేచి, ఇనిట్‌ఆర్‌డీలో ఉన్న డ్రైవర్లతో డిస్క్‌ని గుర్తుపట్టి, రూట్ ఫైల్‌సిస్టమ్‌ని మౌంట్ చేస్తుంది. ఆ తర్వాత సిస్టమ్‌డీ, లాగిన్ స్క్రీన్.

మరి ఇనిట్‌ఆర్‌డీ ఎందుకు? బీరువాకు తాళం వేశారు, తాళంచెవి బీరువాలోనే ఉంది అనుకోండి. ఎట్ల తీస్తారు? డిస్క్‌ని చదవాలంటే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ మాడ్యూల్ రూపంలో డిస్క్ మీదే ఉంది. అందుకే ఆ తాళంచెవికి ఒక నకలు తీసి బీరువా పైన పెడతాం. ఆ నకలే ఇనిట్‌ఆర్‌డీ. ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్క్ అయితే పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్ కూడా దాంట్లోనే ఉంటుంది. అది లేకపోతే కెర్నెల్ బీరువా ముందు నిలబడి "నేనేం చేయలేను" అంటుంది. అదే ప్యానిక్.

ఇప్పుడు బ్రాకెట్లో ఉన్న ఆ సున్నా, సున్నా. చాలామంది దాన్ని పట్టించుకోరు. అవి డివైస్ నంబర్లు. సున్నా కామా సున్నా అంటే, రూట్ ఏ డివైసో కెర్నెల్‌కి అసలు అర్థమే కాలేదు. అదే 8 కామా 2 అని ఉంటే, మీరు చెప్పిన డివైస్ ఎస్‌డీఏ2 అని దానికి తెలిసింది, కానీ మౌంట్ చేయలేకపోయింది. ప్యానిక్‌కి కొంచెం పైన కెర్నెల్ తనకు కనబడ్డ పార్టిషన్ల లిస్ట్ కూడా రాస్తుంది. ఆ లిస్ట్‌లో మీ డిస్క్ లేదా? అయితే స్టోరేజ్ డ్రైవర్ లేదు. ఎన్‌వీఎమ్‌ఈ కావచ్చు, ఏహెచ్‌సీఐ కావచ్చు. డిస్క్ కనబడుతోంది కానీ మౌంట్ కాలేదా? అయితే ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ లేదు, లేదా రూట్ ఈక్వల్ టు అని ఇచ్చిన పేరు తప్పు. ఇంకొక సంగతి. గ్రబ్ మామూలుగా రూట్‌ని యూయూఐడీతో ఇస్తుంది. ఆ యూయూఐడీని వెతికిపెట్టేది ఇనిట్‌ఆర్‌డీ, కెర్నెల్ కాదు. కెర్నెల్‌కి సొంతంగా తెలిసింది పార్ట్‌యూయూఐడీ. అందుకే ఇనిట్‌ఆర్‌డీ లేకుండా యూయూఐడీ ఇస్తే డ్రైవర్లన్నీ కెర్నెల్‌లోనే ఉన్నా సున్నా సున్నాయే వస్తుంది.

ఈ మెసేజ్‌లు తెలుగులో ఎందుకు రావని ఒకరు అడిగారు. స్వేచ్ఛ సంస్థ వాళ్లు డెబియన్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు, డెస్క్‌టాప్ మెనూలు తెలుగులో చదువుకోవచ్చు. కానీ కెర్నెల్ మెసేజ్‌లను ఏ భాషలోకీ మార్చరు, అవి ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. భయపడకండి, చదవాల్సింది నాలుగైదు మాటలే.

సరే, కొడకండ్ల తమ్ముడి కేసుకి వద్దాం. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కమన్నాను. పాత బయోస్ మెషిన్ అయితే షిఫ్ట్ పట్టుకోవాలి. ఎస్కేప్ ఎక్కువసార్లు కొడితే గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు, అట్ల పడితే 'నార్మల్' అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, చాలు. గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు" అని ఉంటుంది. దాని లోపల పాత కెర్నెల్, 5.15. అది ఎంచుకుంటే పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాడు, డెస్క్‌టాప్ వచ్చేసింది. అక్క ప్రాజెక్టు అక్కడే ఉంది. ఫోన్లో ఒక అరుపు అరిచాడు, ఇంట్లో అందరూ లేచి ఉంటారు.

షాపు మాట విని డిస్క్ మార్చినా, తనే ఫార్మాట్ కొట్టినా ఏమయ్యేదో ఆలోచించండి. మామూలు డిస్క్‌ని ఫార్మాట్ చేస్తే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని ఫైళ్లయినా దొరకొచ్చు. లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్క్ అట్ల కాదు. దాని తాళం మొత్తం మొదట్లో ఉండే హెడర్‌లో ఉంటుంది. ఆ హెడర్ మీద కొత్త ఇన్‌స్టలేషన్ రాసేస్తే, పాస్‌వర్డ్ మీకు గుర్తున్నా సరే, డేటా తిరిగి రాదు. అందుకే మొదటి పని కాపీ. పాత కెర్నెల్‌తో లోపలికి వెళ్లగానే ప్రాజెక్టు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీయించాను. ఆ తర్వాతే రిపేరు.

ఇప్పుడు కారణం. 'డీఎఫ్ మైనస్ హెచ్ స్లాష్ బూట్' కొట్టమన్నాను. వంద శాతం నిండిపోయి ఉంది! ఎన్‌క్రిప్షన్‌తో ఇన్‌స్టాల్ చేస్తే బూట్ అనేది వేరే చిన్న పార్టిషన్ అవుతుంది. దాంట్లో ఇప్పటికే పాత కెర్నెళ్లు ఉన్నాయి. 'మేక్ ఇన్‌స్టాల్' చేసినప్పుడు వీఎమ్‌లైనజ్ కాపీ అయింది, ఇనిట్‌ఆర్‌డీ తయారవుతూ మధ్యలో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఆగిపోయింది. ఆ లైన్ టెర్మినల్‌లో పైకి వెళ్లిపోయింది. గ్రబ్ మాత్రం కొత్త కెర్నెల్‌ని మెనూలో మొదటి స్థానంలో పెట్టేసింది, పక్కన ఇనిట్‌ఆర్‌డీ లేకుండా. అంతే కథ.

కానీ ఇనిట్‌ఆర్‌డీ అంత పెద్దగా ఎందుకయింది? ఇక్కడే అసలు మలుపు. ఉబుంటు కాన్ఫిగ్ ఫైల్‌ని కాపీ చేసి కంపైల్ చేస్తే దాంట్లో డీబగ్ ఇన్ఫో ఆన్ అయి ఉంటుంది. అప్పుడు ప్రతి మాడ్యూల్ డీబగ్ సమాచారంతో ఉబ్బిపోతుంది. మాడ్యూల్స్ ఫోల్డర్ జీబీల్లోకి వెళ్తుంది, ఇనిట్‌ఆర్‌డీ వందల ఎంబీ అవుతుంది. ఉబుంటు వాళ్లు ఇచ్చే కెర్నెల్‌లో ఆ డీబగ్ భాగం తీసేసి ఇస్తారు, అందుకే అది చిన్నది. మనం తీయాలంటే మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసే కమాండ్‌లో ఒక మాట కలపాలి: 'సుడో మేక్ ఇన్‌స్టాల్_మోడ్_స్ట్రిప్=1 మాడ్యూల్స్_ఇన్‌స్టాల్'. ఇన్‌స్టాల్ మోడ్ స్ట్రిప్ అన్నది పెద్ద అక్షరాల్లో, చివరిది చిన్న అక్షరాల్లో. నన్నడిగితే కంపైల్‌కి ముందే మెనూకాన్ఫిగ్‌లో డీబగ్ ఇన్ఫో ఆపేయడం ఇంకా మంచిది. నాలుగు జీబీ ర్యామ్ మెషిన్‌లో టైమూ మిగులుతుంది, డిస్కూ మిగులుతుంది.

తమ్ముడితో చేయించింది ఇది. పాత కెర్నెళ్లలో ఒకటి ఉంచి మిగతావి తీసేశాం. ఉంచేది ఏదంటే, 'యూనేమ్ మైనస్ ఆర్' కొడితే చూపించేది, అంటే ఇప్పుడు నడుస్తున్నది. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. కొత్త వెర్షన్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి, స్ట్రిప్ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ సీ మైనస్ కే' పక్కన కొత్త వెర్షన్ పేరు. తర్వాత 'సుడో అప్‌డేట్-గ్రబ్'. ఆఖర్లో 'ఎల్ఎస్ మైనస్ ఎల్‌హెచ్ స్లాష్ బూట్' కొట్టి, వీఎమ్‌లైనజ్, ఇనిట్‌ఆర్‌డీ రెండూ ఒకే వెర్షన్ పేరుతో ఉన్నాయా, సైజు సున్నా కాకుండా ఉందా అని కళ్లతో చూశాకే రీస్టార్ట్. లేచింది. డాంగిల్ కూడా పట్టింది.

ఒక మాట చెప్పాలి. ఆ డాంగిల్ కోసం కంపైల్ అవసరమే లేదు. ఉబుంటు 22.04కి హెచ్‌డబ్ల్యూఈ అని కొత్త కెర్నెళ్లు అధికారికంగానే ఇస్తారు. 2023లోనే దాంట్లో 6.2 వచ్చింది, తర్వాత 6.5, 6.8 వచ్చాయి. ఒక్క ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే పనైపోయేది. కంపైల్ చేయొద్దని అనట్లేదు, నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. అవసరం ఒకటైతే దారి ఇంకొకటి అని మాత్రం తెలియాలి.

ఇక వేరే స్క్రీన్లు ఉన్నాయి, అన్నీ ప్యానిక్‌లు కావు.

"బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అని, కింద "యూ నీడ్ టు లోడ్ ద కెర్నెల్ ఫస్ట్" అని వస్తే, మీ కెర్నెల్ తప్పేం లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, మీరు చేసిన కెర్నెల్ మీద సంతకం లేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపండి, లేదా సొంత కీ తయారు చేసి, మోక్‌యుటిల్‌తో ఎన్‌రోల్ చేసి, దాంతో సంతకం పెట్టండి. అదే లాప్‌టాప్‌లో విండోస్ బిట్‌లాకర్‌తో ఉంటే, ఆపే ముందు రికవరీ కీ రాసి పెట్టుకోండి, మళ్లీ దానికోసం ఏడవొద్దు.

బ్రాకెట్లో "ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్" అని ప్రాంప్ట్ వచ్చి ఆగిందంటే, ఇనిట్‌ఆర్‌డీ లేచింది కానీ రూట్ దొరకలేదు. ఇది నిజానికి మంచి స్థితి, ఎందుకంటే చేతిలో కమాండ్లు ఉన్నాయి. 'క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎమ్‌డీలైన్' కొడితే ఏ యూయూఐడీ కోసం వెతుకుతోందో తెలుస్తుంది. 'బీఎల్‌కేఐడీ' కొడితే నిజంగా ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. రెండూ కలవకపోతే గ్రబ్ లైన్ సరిచేయాలి. బీఎల్‌కేఐడీ ఏమీ చూపించకపోతే డిస్క్ డ్రైవర్ లేదు. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లు కొన్నిట్లో ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ వీఎమ్‌డీ అనే కంట్రోలర్ వెనకాల ఉంటుంది, ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవర్ పెట్టినా వీఎమ్‌డీ డ్రైవర్ లేకపోతే డిస్క్ కనబడదు.

ఇది ఎక్కువగా 'మేక్ లోకల్‌మోడ్‌కాన్ఫిగ్' వాడినవాళ్లకు వస్తుంది. ఆ కమాండ్ ఇప్పుడు లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. కంపైల్ తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆ టైమ్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి లేకపోతే యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ పోతుంది. ఒక మెషిన్‌లో చేసి ఇంకో మెషిన్‌లో వేస్తే ఇక చెప్పక్కర్లేదు.

"యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్" వస్తే రూట్ మౌంట్ అయింది, తర్వాత ఏదో ఆగింది. పాస్‌వర్డ్ ఇచ్చి 'జర్నల్‌సీటీఎల్ మైనస్ ఎక్స్‌బీ' చదవండి, ఎర్ర లైన్లు చూడండి. చాలాసార్లు అది స్లాష్ బూట్ స్లాష్ ఈఎఫ్ఐ పార్టిషన్. అది ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది. వీఫ్యాట్ మాడ్యూల్ గానీ, దానికి కావలసిన ఎన్ఎల్ఎస్ కోడ్‌పేజీ మాడ్యూల్ గానీ లేకపోతే మౌంట్ అవదు. ఇక 'యూనేమ్ మైనస్ ఆర్' చూపించే పేరుతో స్లాష్ లిబ్ స్లాష్ మాడ్యూల్స్‌లో ఫోల్డరే లేకపోతే, 'మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' చేయలేదన్నమాట.

నల్ల స్క్రీన్ ఒక్కటే ఉండి ఏ అక్షరమూ లేదా? గ్రబ్‌లో 'ఈ' నొక్కండి, లైనక్స్ అని మొదలయ్యే లైన్‌లో 'క్వైట్ స్ప్లాష్' తీసేసి 'నోమోడ్‌సెట్' పెట్టండి, కంట్రోల్ ఎక్స్. ఈ మార్పు ఈ ఒక్కసారికే, రీస్టార్ట్ కొడితే పోతుంది, కాబట్టి ధైర్యంగా చేయండి. దీంతో అక్షరాలు కనబడ్డాయంటే గ్రాఫిక్స్ డ్రైవర్ దిక్కు చూడాలి. ఇంకో గుర్తు, లాప్‌టాప్ కీబోర్డ్‌లో క్యాప్స్ లాక్ లైట్ టకటకా వెలిగి ఆరుతుంటే లోపల ప్యానిక్ అయిందని. కొత్త కెర్నెళ్లలో ఇంకా బాగుంది, 6.10లో ప్యానిక్ కోసం ప్రత్యేక స్క్రీన్ వచ్చింది, 6.12 నుంచి ఆ ఎర్రర్‌ని క్యూఆర్ కోడ్‌గా చూపించే ఏర్పాటు కూడా ఉంది. కాన్ఫిగ్‌లో ఆన్ చేసుకోవాలి, మీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కి ఆ సపోర్ట్ ఉండాలి. ఫోన్‌తో స్కాన్ చేస్తే లాగ్ చేతికొస్తుంది.

గ్రబ్ కూడా రాకపోతే, లేదా పాత కెర్నెల్ కూడా తీసేసి ఉంటే? ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి లేపండి. రూట్ పార్టిషన్ మౌంట్ చేసి, దాని మీద బూట్, ఈఎఫ్ఐ మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ బైండ్ చేసి, సీహెచ్‌రూట్ లోపలికి వెళ్లి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, గ్రబ్ కమాండ్లు కొట్టండి. ఎన్‌క్రిప్షన్ ఉంటే ఒక మెలిక ఉంది. క్రిప్ట్‌సెటప్‌తో డిస్క్ తెరిచేటప్పుడు ఇచ్చే పేరు, మీ సిస్టమ్‌లో ఈటీసీ క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్‌లో ఉన్న పేరూ ఒకటే ఉండాలి. వేరే పేరు ఇస్తే కొత్త ఇనిట్‌ఆర్‌డీలో తాళం తెరిచే ఏర్పాటు రాకపోవచ్చు, మళ్లీ మొదటికే వస్తారు.

ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లకు ఈ తర్వాతి మాట ఇట్టే అర్థమవుతుంది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాతదాన్ని పూర్తిగా పీకెయ్యరు. పాత పోగుల కొసలు అచ్చులోనే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటీ వాటికి అతుకుతారు. కెర్నెల్ కూడా అంతే, పాతది అట్లనే ఉండాలి. ఇంకొంచెం పకడ్బందీగా చేయాలంటే, ఈటీసీ డిఫాల్ట్ గ్రబ్ ఫైల్‌లో గ్రబ్ డిఫాల్ట్‌ని 'సేవ్డ్' అని పెట్టి, 'అప్‌డేట్-గ్రబ్' చేసి, 'గ్రబ్-సెట్-డిఫాల్ట్'తో పాత కెర్నెల్‌ని డిఫాల్ట్ చేయండి. తర్వాత 'గ్రబ్-రీబూట్' కమాండ్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రమే ఎంచుకోండి. కెర్నెల్ లైన్‌లో 'ప్యానిక్=10' చేర్చండి. కొత్తది ప్యానిక్ అయితే పది సెకన్లకు తనే రీస్టార్ట్ అయి పాత కెర్నెల్‌తో లేస్తుంది. మీరు చాయ్ తాగి వచ్చేసరికి లాగిన్ స్క్రీన్ ఉంటుంది. ప్యానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే మాత్రం పవర్ బటన్ మీరే నొక్కాలి.

ఇక ఫోన్‌లో కస్టమ్ కెర్నెల్ వేసేవాళ్ల సంగతి, ఎక్కువమంది అడిగేది ఇదే. సూత్రం అదే, కానీ అక్కడ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మెనూ లేదు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తేనే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. యూపీఐ యాప్‌లు కొన్ని ఆ తర్వాత పనిచేయవు. ఇంట్లో పైసలు పంపే ఫోన్ అదొక్కటే అయితే దాని జోలికి పోవద్దు, పాత ఫోన్ ఏదైనా ఉంటే దాని మీద చేయండి. చేసేటప్పుడు సరిగ్గా మీ బిల్డ్ నంబర్‌కే చెందిన అసలు బూట్ ఇమేజ్ ముందు కంప్యూటర్‌లో ఉండాలి. కొత్త ఇమేజ్‌ని వెంటనే ఫ్లాష్ చేయకుండా, 'ఫాస్ట్‌బూట్ బూట్' కమాండ్‌తో తాత్కాలికంగా లేపి చూడండి. అన్ని ఫోన్లూ ఒప్పుకోవు, ఒప్పుకున్నవాటిలో ఇదే మీ గ్రబ్-రీబూట్. లోగో దగ్గరే తిరుగుతుంటే చాలాసార్లు కారణం వెండర్ మాడ్యూళ్లు కొత్త కెర్నెల్‌తో కలవకపోవడం, లేదా వెరిఫైడ్ బూట్ అడ్డుపడటం. అసలు ఇమేజ్‌తో మళ్లీ లేచాక రూట్ ఉంటే స్లాష్ సిస్ స్లాష్ ఎఫ్ఎస్ స్లాష్ పీస్టోర్‌లో చూడండి. కన్సోల్-రామ్‌ఊప్స్ అనే ఫైల్ ఉంటే చచ్చిపోయిన కెర్నెల్ ఆఖరి మాటలు దాంట్లో ఉంటాయి.

మీకూ ఇట్లాంటిది జరిగి నాకు ఫోటో పంపాలనుకుంటే, చివరి లైన్ ఒక్కటే తీయొద్దు, స్క్రీన్ మొత్తం, పైన పార్టిషన్ల లిస్ట్‌తో సహా తీయండి. పాత కెర్నెల్‌తో లేవగలిగితే స్లాష్ బూట్ లిస్ట్, 'డీఎఫ్ మైనస్ హెచ్' అవుట్‌పుట్ కూడా జత చేయండి. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో రాయండి. పాస్‌వర్డ్ మాత్రం నాక్కూడా పంపొద్దు.